డాంటేని ముఖం బిగించుకుని చదవడం నా వల్ల కాదు

మొన్న ఆరాధన అయ్యాక ఒక పెద్దాయన నన్ను పక్కకి పిలిచారు. మా ఆదివారం సాయంత్రాల చదువు గురించి ఎవరో చెప్పారట. "చదువుకోండి బాబూ, మంచి పనే. కానీ నరకం, పరలోకం, పాపక్షమాపణ లాంటి మాటల దగ్గర ఆ పకపకలేమిటి? పక్క మేడ మీదకి వినిపిస్తున్నాయంట" అన్నారు. ఆయన మీద నాకు కోపమేమీ లేదు. చిన్నప్పుడు సండే స్కూల్లో కంఠత వాక్యాలు నేర్పింది ఆయనే, తప్పు చెబితే చెవి మెలిపెట్టిందీ ఆయనే. కానీ ఆయన మాట మాత్రం ఒప్పుకోలేను. చర్చి మెట్ల మీద చెప్పులు వెతుక్కుంటూ తేల్చే విషయం కాదు గనక ఇక్కడ రాస్తున్నాను.

నేననేది ఒక్కటే. మతం గురించీ తత్వం గురించీ పాత మహాకావ్యాల గురించీ స్నేహితులు కలిసి చదువుకుంటున్నప్పుడు గంటసేపట్లో ఒక్కసారైనా ఎవరికీ నవ్వు రాలేదంటే, అక్కడ చదువు జరగడం లేదు, పారాయణం జరుగుతోంది. పారాయణం తప్పని అనను. కాకపోతే దానికి స్నేహితులక్కర్లేదు, ఒక్కడే కూర్చుని కూడా చేసుకోవచ్చు.

మా గుంపు పెద్దదేం కాదు. తార్నాకలో మాస్టారి మేడ మీద కూర్చుంటాం. మాస్టారు ఫిజిక్స్ చెప్పి రిటైరైనవారు, దేవుడు లేడని ఆయన గట్టి నమ్మకం. అక్క బ్యాంకులో చేసి వీఆర్ఎస్ తీసుకుంది, పోతన పద్యాలు నోటికొచ్చు. మూడోవాడు గుంటూరు లూథరన్ పాస్టరుగారబ్బాయి. యాభై దాటినా మాకింకా పాస్టరుగారబ్బాయే. నాలుగో మనిషిని నేను. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికిన పాత పెంగ్విన్ డాంటే మా పాఠ్యపుస్తకం, డొరతీ సేయర్స్ ఇంగ్లీషు అనువాదం. డాంటే మధ్యయుగపు ఇటలీ కవి. ఆయన "డివైన్ కామెడీ" కావ్యంలో తనే పాత్రై "నరకం", స్వర్గానికి ముందు పాపాలు కడుక్కునే కొండ "ప్రక్షాళన", ఆపైన "స్వర్గం" చూసొస్తాడు. అట్టలు ఊడిపోయాయి గానీ నోట్సు పేజీలన్నీ ఉన్నాయి, అదే మా అదృష్టం.

నరకంలో వర్జిల్ మోసపోయిన వైనం

పెద్దాయనకి నేను ముందుగా చూపించాలనుకునేది "నరకం" 21, 22, 23 సర్గలు. డాంటే పేరు చెప్పగానే గడ్డకట్టిన ముఖాలు, ఎర్రటి మంటలు గుర్తొచ్చేవాళ్లకి ఈ మూడు సర్గలున్నాయని ఎవరూ చెప్పరు. పదవిలో ఉండి లంచాలు మేసినవాళ్లని అక్కడ మరిగే తారులో ముంచి ఉంచుతారు. తల పైకెత్తితే కొక్కేలతో పొడవడానికి గట్టు మీద దయ్యాల కాపలా. వర్జిల్ వెళ్లి దయ్యాలతో బేరం మాట్లాడొస్తానని డాంటేని ఒక బండ వెనక నక్కి కూర్చోమంటాడు. మాట కుదిరాక పిలిస్తే డాంటే గజగజలాడుతూ బయటికొస్తాడు. ఒక దయ్యం రెండో దయ్యాన్ని అడుగుతుంది, "వీడి పిర్ర మీద ఒక్కటి తగిలించనా?" అని. ఊఁ, తగిలించు అంటుంది రెండోది. ఆ సర్గ ముగిసేది దళనాయకుడైన దయ్యం వదిలిన అపానవాయువు బూరాతో. పైగా దాని మీద తర్వాతి సర్గ మొదట్లో డాంటే గంభీరంగా ఒక ఉపన్యాసం ఇస్తాడు: దండు కదలడాలు చూశాను, గుర్రాల మీద ఈటెల పోటీలు చూశాను, డప్పులూ గంటలూ బూరాలూ విన్నాను, ఇంత విచిత్రమైన సంకేతానికి కదిలిన సైన్యాన్ని మాత్రం చూడలేదు అని.

ఇక్కడిదాకా మోటు హాస్యం. అసలుది 23లో ఉంది. దయ్యాల నాయకుడు వర్జిల్‌కి దారి చెబుతాడు, ముందర ఒక వంతెన బాగానే ఉంది, దాని మీదుగా పొండి అని. వర్జిల్ అంటే రోమన్ మహాకవి, ఈ కావ్యంలో మానవ వివేకానికి ప్రతినిధి, డాంటేకి గురువు. ఆయన నమ్ముతాడు. శిష్యుడేమో మొదటినుంచీ గుసగుసలాడుతూనే ఉంటాడు, గురువుగారూ వీళ్లు పళ్లు కొరుకుతున్నారు, కనుబొమలు ఎగరేసుకుంటున్నారు, మనకి వీళ్ల తోడొద్దని. అది నీకోసం కాదులేవయ్యా, తారులో ఉడికేవాళ్లకోసం అంటాడు వర్జిల్. తీరా చూస్తే వంతెన ఎప్పుడో కూలిపోయింది. వేషధారుల గుంటలో బంగారు పూత పూసిన సీసపు అంగీ మోస్తూ నడిచే ఒక సన్యాసి అసలు సంగతి చెప్పి, చల్లగా ఇంకో మాట తగిలిస్తాడు: దయ్యం అబద్ధాలాడుతుందని, అబద్ధానికి తండ్రి అదేనని బొలోన్యాలో విన్నాను స్వామీ అని.

మేం చదువుతుంటే ఈ వాక్యం దగ్గర పాస్టరుగారబ్బాయి కుర్చీలోంచి లేచాడు. "వాడు అబద్ధికుడును అబద్ధమునకు జనకుడునై యున్నాడు! యోహాను ఎనిమిది నలభై నాలుగు! ఒరేయ్, ఇది మూడో క్లాసు పిల్లాడికి కూడా వచ్చురా!" అని అరిచాడు. ఆ అరుపే పక్క మేడ మీదకి వినిపించి ఉంటుంది. గ్రీకు, లాటిన్ తత్వమంతా పుక్కిటపట్టిన మహానుభావుడికి సండే స్కూల్ పిల్లాడికి తెలిసిన ముక్క తెలియలేదు. క్రీస్తుకి పూర్వం పుట్టినవాడు, తెలిసే దారి లేదు. చెప్పినవాడు చూస్తే వేషధారి. వివేకం ఎంతవరకు తీసుకుపోగలదు, ఎక్కడ చేతులెత్తేస్తుంది అన్న మధ్యయుగపు పెద్ద ప్రశ్నని డాంటే ఇక్కడ ఒక వెటకారంలో పెట్టేశాడు. వర్జిల్ ముఖం మాడ్చుకుని పెద్ద పెద్ద అంగలేసుకుంటూ వెళ్లిపోతాడు. మాస్టారు ఆ రోజంతా వర్జిల్ పక్షం. "సైంటిస్టు ఎదుటివాడి డేటాని నమ్ముతాడయ్యా, అది తప్పెలా అవుతుంది?" అని వాదించారు. ముఖం బిగించుకుని చదివితే ఈ వాదన మా మధ్య పుట్టేదే కాదు.

ఇంకో సంగతి. డాంటేని ఫ్లోరెన్సు నుంచి వెళ్లగొట్టింది 1302లో, సరిగ్గా ఈ లంచగొండితనం నేరం మీదే. తిరిగొస్తే తగలబెట్టమని శిక్ష కూడా వేశారు. తన మీద మోపిన నేరం తాలూకు గుంటలోనే ఆయన ఇంత అల్లరి చేశాడు. వెనకాల దయ్యాలు కొక్కేలతో తరుముతుంటే పరిగెత్తిన భయం కూడా ఆయనకి కొత్తదేం కాదు.

సేయర్స్ ఉత్తరాలు

డాంటే నవ్విస్తాడని మాకు చెప్పింది సేయర్స్ నోట్సు. ఆవిడకి ఎవరూ చెప్పలేదు. డిటెక్టివ్ నవలలతో పేరు తెచ్చుకున్న మనిషి, 1944లో లండన్ మీద జర్మన్ల ఎగిరే బాంబులు పడుతున్న రోజుల్లో సైరన్ మోగితే తలదాచుకోవడానికి పోతూ పోతూ బీరువాలోంచి డాంటేని చేతికి తీసుకుంది. అప్పటికి యాభై ఒకటో ఏడు. మొదలుపెట్టాక వదల్లేకపోయింది. అంతకుముందు ఏడాదే డాంటే మీద చార్లెస్ విలియమ్స్ అనే ఇంగ్లీషు రచయిత ఒక పుస్తకం వేశాడు, ఆయనకి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టింది. పేజీలకి పేజీలు. ఈయన ఇంత బాగా కథ చెబుతాడని, ఇంత నవ్విస్తాడని నాతో ఎవరూ అనలేదేం అన్నది ఆ ఉత్తరాల సారం. డాంటే తనని తాను ఎలా గీసుకున్నాడో చూడండి అంటుంది ఆవిడ: భయస్థుడు, తొందరపాటు మనిషి, గురువు చేత చీవాట్లు తినే శిష్యుడు. ఆ కవి తన మీద తనే నవ్వుకుంటున్నాడు, మనమేమో ఆయన విగ్రహానికి దండం పెడుతున్నాం.

ఆ ఉత్తరాలు ఏడాది కూడా సాగలేదు. యుద్ధం ముగిసిన వారానికే, 1945 మే 15న, విలియమ్స్ పోయాడు. ఆవిడ మాత్రం ఆపలేదు. "నరకం" అనువాదం 1949లో, "ప్రక్షాళన" 1955లో వచ్చాయి. "స్వర్గం" సగంలో ఉండగా 1957లో ఆవిడా పోతే, స్నేహితురాలు బార్బరా రెనాల్డ్స్ పూర్తి చేసి 1962లో తెచ్చింది. ఒక నవ్వుతో మొదలైన పని ఇద్దరు మనుషుల పనిగంటలు తినేసింది. నవ్వితే శ్రద్ధ పోతుందనేవాళ్లు ఆ నోట్సు ఒకసారి తిరగేయాలి. మధ్యయుగపు వేదాంతి థామస్ అక్వినాస్ దగ్గర్నుంచి ఫ్లోరెన్సు ముఠా తగాదాల దాకా అందులో లేనిది లేదు.

పైరవీ గొడవ

మా మేడ మీద ఎక్కువ నవ్వు పుట్టించినవాడు బెలాక్వా. "ప్రక్షాళన" నాలుగో సర్గ. డాంటే ఆ కొండెక్కుతూ ఆయాసపడుతుంటాడు. సూర్యుడు ఎడమ వైపు ఎందుకున్నాడో వర్జిల్ ఖగోళశాస్త్రం మొత్తం విప్పి చెబుతాడు, దక్షిణార్ధగోళంలో ఉన్నాం గనక అని. డాంటే బుద్ధిగా తలూపుతాడు. అంతలో ఒక గొంతు, అంతదాకా పోయేలోపు నీకు ఓసారి కూర్చోవాలనిపిస్తుందిలే అని. చూస్తే ఒక బండ నీడన మోకాళ్లు కావలించుకుని, ముఖం మోకాళ్ల మధ్య పెట్టుకుని ఒకడు. బతికున్నప్పటి నేస్తం, పరమ సోమరి. తలెత్తడానికి కూడా బద్ధకించి, ముఖాన్ని తొడ మీదుగా కాస్త జరిపి, "నువ్వు మొనగాడివి కదా, ఎక్కు మరి" అంటాడు. ఊరుకోకుండా, "సూర్యుడు ఎడం భుజం మీంచి బండెలా తోలుతున్నాడో బాగా అర్థమైందా?" అని చురక కూడా. డాంటే పెదాల మీద చిన్న నవ్వు వచ్చిందని కవే రాశాడు.

గురువుగారి లెక్చరు మీద వెనక బెంచీవాడి కామెంటు అది. కానీ ఆ నవ్వు వెంటనే డాంటే అనేది చూడండి. బెలాక్వా, ఇక నీ గురించి నాకు దిగుల్లేదు అంటాడు. సోమరిపోతు కూడా ఒడ్డునపడ్డాడన్న నిశ్చింత. చివరి నిమిషం దాకా పశ్చాత్తాపం వాయిదా వేశాడు కాబట్టి ఎన్నేళ్లు బతికాడో అన్నేళ్లూ గేటు బయట కూర్చోవాలి, కింద ఎవరైనా మంచివాళ్లు ప్రార్థన చేస్తే తప్ప.

మాస్టారు ఇక్కడ పట్టుకున్నారు. "అంటే పైనా పైరవీయేనన్నమాట. ఎమ్మెల్యే లెటరు లేనిదే ఫైలు కదలదు." పాస్టరుగారబ్బాయి తొణక్కుండా, "మాస్టారూ, మా లూథరన్లకి అసలు ఆ ఆఫీసే లేదండీ. 1517లో మూసేశాం. డైరెక్ట్" అన్నాడు. అక్క అందుకుని రామదాసుని లాక్కొచ్చింది. చేయించిన నగలన్నీ ఏకరువు పెట్టి ఎవడబ్బ సొమ్మని కులుకుచు తిరిగేవు అని రాముణ్ణి నిలదీసి, ఆ వెంటనే దెబ్బలకోర్వలేక అబ్బా తిట్టితినయ్యా అని బతిమాలుకున్నవాడు. "మీవాళ్లు పైరవీ చేయిస్తారు, మావాడు బిల్లు చూపించాడు" అంది. ఆ సాయంత్రం కృప గురించి, అర్హత గురించి, ఒకరి ప్రార్థన ఇంకొకరికి ఎలా పనికొస్తుందన్నదాని గురించి మాట్లాడుకున్నంత లోతుగా నేను ఏ సెమినార్‌లోనూ వినలేదు. మాస్టారు నమ్మలేదు, నమ్మమని ఎవరూ అనలేదు. కానీ పైరవీ అన్న మాటతో ఆయన ఆ సిద్ధాంతం నరం మీదే వేలు పెట్టారు. పోపు చర్చితో లూథర్ గొడవంతా 1517లో అక్కడే కదా మొదలైంది.

నవ్వు ఎవరి చేతిలో ఉంది

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ పెద్దాయన మాటలో అసలు పసే లేదని నేననను. నవ్వు తలుపు మూసేసిన సందర్భాలూ నాకు తెలుసు.

విలియమ్స్ ఆక్స్‌ఫర్డులో చివరి ఏళ్లు గడిపింది రచయితలు సి.ఎస్. లూయిస్, టోల్కీన్‌ల స్నేహబృందంలో. గురువారం రాత్రుళ్లు లూయిస్ గదిలో చేరి రాసుకున్నవి చదువుకునేవారు, మంగళవారం పొద్దున ఒక పబ్బులో కబుర్లు. ఆ గుంపులోనే హ్యూగో డైసన్ అని ఒక మహా మాటకారి ఉండేవాడు. లూయిస్ క్రైస్తవుడవడానికి కారణమైన 1931 సెప్టెంబరు నాటి ఆ రాత్రి నడకలో టోల్కీన్‌తో పాటు ఉన్నది ఈయనే. అదే డైసన్‌కి టోల్కీన్ చదివే కొత్త కథ "లార్డ్ ఆఫ్ ది రింగ్స్"లో ఎల్ఫులనే దివ్యజాతివాళ్లంటే గిట్టదు. మూలుగుతూ వెటకారాలాడుతూ, 1947 నాటికి పరిస్థితి ఎక్కడికొచ్చిందంటే ఈయన గదిలోకి అడుగుపెడితే టోల్కీన్ చదవడం ఆపేయాల్సిందే. ఇది అన్యాయం అని లూయిస్ అన్నగారు డైరీలో రాసుకున్నాడు. అక్కడున్నవాళ్లంతా భక్తులే, స్నేహితులే, చమత్కారులే. అయినా ఒకడి నవ్వు ఇంకొకడి నోరు మూయించింది.

ఇదే గుంపు గురించి అక్క అడిగిన ప్రశ్న ఇంకోటుంది. "సేయర్స్ కూడా అక్కడికి వెళ్లేదా?" లేదు, విలియమ్స్‌కీ లూయిస్‌కీ స్నేహితురాలే గానీ అది మగవాళ్ల గుంపు, ఆవిడ ఎన్నడూ ఆ గదిలో కూర్చోలేదు అన్నాను. "డాంటేలో నవ్వుందని కనిపెట్టిన మనిషికా ప్రవేశం లేనిది? మరి జంతికలెవరు వేయించేవారో?" అంది. ముగ్గురం నవ్వాం, ఆ తర్వాత ముగ్గురం ఎదురుగా ఉన్న జంతికల ప్లేటు వైపు చూశాం. వేయించి తెచ్చింది ఆవిడే. తర్వాతి వారం నుంచి మిర్చి బజ్జీలు బజారు నుంచి తేవడం మొదలైంది, ఆ ఖర్చు మగవాళ్లది.

దీనికన్నా చేదుది ఒకటి జరిగింది. ఎవరిదో తరఫు బంధువు ఒకాయన ఓ ఆదివారం వచ్చి కూర్చున్నాడు. మేం అందరి దేవుళ్ల మీదా జోకులేసుకుంటున్నామని చూసి, తనకీ లైసెన్సు దొరికిందనుకున్నట్టున్నాడు, పాస్టరుగారబ్బాయి వైపు తిరిగి బియ్యం బస్తా కోసం మతం మారారనే రైస్ బ్యాగ్ జోకొకటి వేశాడు. సోషల్ మీడియాలో రోజూ తిరిగేదే. ఎవరూ నవ్వలేదు. మావాడు టీ కప్పు కింద పెట్టి, "మా తాతకి బియ్యం ఇవ్వలేదండీ, పలక ఇచ్చారు" అన్నాడు, అంతే. గొంతు పెంచలేదు. ఆయనకి తెలియనిది ఇంకొకటుంది. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ పని కాంట్రాక్టుకి తీసుకుని జనానికి కూలి చూపించాడు. ఆ కరువు పనులు సాగినంతకాలం మాత్రం కావాలనే ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు, కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని. పనులైపోయాక 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. వాళ్లకి అప్పుడు పంచడానికి బియ్యం లేదు.

అయితే మాస్టారి పైరవీ జోకుకీ ఈ జోకుకీ తేడా ఏమిటి? రెండూ బయటివాడు వేసినవే, రెండూ నమ్మకం మీదవే. చాలాకాలం ఆలోచించాను. లోపలివాడికే నవ్వే హక్కుందనడం సులువు. జైల్లో దెబ్బలు తిన్న రామదాసు అన్నది మనం అనలేం కదా అని వాదించొచ్చు. కానీ ఆ రూలు పెడితే మా మాస్టారు నోరు తెరవడానికి వీల్లేదు, ఆయన లేని మా మేడ నాకొద్దు. నాకు తోచింది ఇది: మాస్టారు ఆ సర్గ చదివాక నవ్వారు, సర్గలో ఉన్నదాని మీద నవ్వారు, జవాబు కోసం ఆగారు. ఆ జవాబు తనని ఇరకాటంలో పెడుతుందని తెలిసే ఆగారు. వచ్చినాయన ఏదీ చదవలేదు, ఎదురుగా ఉన్న మనిషి పుట్టుక మీద నవ్వాడు, జవాబొస్తుందని అనుకోనే లేదు. డైసన్ చదువుకున్నవాడే, కానీ ఆయనకీ కథలో తర్వాతేం జరిగిందో వినే ఓపిక లేదు. ఈ గీత ప్రతిసారీ ఇంత స్పష్టంగా కనిపిస్తుందని చెప్పను. మాలోనే ఒకరి మాట ఇంకొకరికి గుచ్చుకుని, రెండు మూడు వారాలు ఎవరో ఒకరు రాకపోవడం జరిగింది. ఆ రిస్కు లేకుండా నవ్వు దొరకదు. పెద్దాయన చెప్పినట్టు నవ్వే మానేస్తే గుచ్చుకోవడం ఆగుతుంది, దాంతో పాటు మాటలూ ఆగిపోతాయి, మర్యాదగా తలూపుకుంటూ నలుగురం నాలుగు గోడలై కూర్చుంటాం.

బైబిల్లో మాత్రం? సొరచెట్టు ఎండిపోయిందని దేవుడి మీద అలిగి చచ్చిపోతానన్న యోనా లేడా? పౌలు ప్రసంగం ఎంతకీ ముగియకపోతే కిటికీలో కూర్చుని జోగి మూడో అంతస్తు నుంచి కిందపడ్డ ఐతుకు లేడా? ఇవి ప్రసంగాల్లో ఎప్పుడు విన్నా హెచ్చరికలుగానే విన్నాను. ఐతుకు గురించి మా పాస్టరుగారబ్బాయి చెప్పే వ్యాఖ్యానం వేరు, వాళ్ల నాన్నగారి ప్రసంగాల నిడివి తెలిసినవాడు గనక.

గ్రెగరీ

"స్వర్గం" 28వ సర్గలో దేవదూతల తరగతుల లెక్క వస్తుంది. ఎవరు పైన, ఎవరు కింద అన్నది. దీని మీద డయొనీసియస్ పేరుతో ఉన్న పాత గ్రంథం ఒక వరస చెప్పింది, తర్వాత పోప్ గ్రెగరీ ఇంకో వరస చెప్పాడు. గ్రెగరీ అంటే మామూలు పోపు కాదు, మహా గ్రెగరీ, చర్చి పెద్దల్లో పెద్ద. ఆయన చనిపోయి ఆ లోకంలో కళ్లు తెరిచి చూసేసరికి డయొనీసియస్ లెక్కే కరెక్టు. అప్పుడేం చేశాడయ్యా అంటే, తన మీద తనే నవ్వుకున్నాడు అంటుంది స్వర్గంలో డాంటేకి దారి చూపే బియాట్రిస్. ఒక్క ముక్కలో చెప్పి ముందుకెళ్లిపోతుంది. జీవితమంతా వేదాంతం చెప్పినవాడికి స్వర్గంలో తన తప్పు కనిపిస్తే డాంటే ఊహించిన మొదటి పని నవ్వు. క్షమాపణ కాదు, సంజాయిషీ అంతకన్నా కాదు.

మాస్టారికి ఇది విపరీతంగా నచ్చింది. "నేను పోయాక నిజంగా కళ్లు తెరుచుకుని, మీరు చెప్పిందే కరెక్టని తేలిందనుకో, నేనూ అలాగే నవ్వుతానయ్యా, ప్రామిస్. మరి నా మాటే నిజమైతే నువ్వేం చేస్తావు?"

"అప్పుడు గెలిచినట్టు మీకెలా తెలుస్తుంది మాస్టారూ? మీ దురదృష్టమే అది" అన్నాడు పాస్టరుగారబ్బాయి.

"మీ ఇద్దరి సంగతి తేలేలోపు నేను మళ్లీ పుట్టి, ఇంటరు పాసై, ఇదే పుస్తకం ఆబిడ్స్‌లో సెకండ్‌హ్యాండ్‌లో కొంటాను" అంది అక్క.

ఆ తర్వాత ముగ్గురూ ఒకరి మాట ఒకరు వినకుండా ఎనిమిదిన్నర దాకా అరుచుకున్నారు. 29వ సర్గ ఆ వారం మొదలుపెట్టనేలేదు.